వేడీ లేదు, వేగమూ లేదు

లైనక్స్ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. థీసిస్ మొత్తం లేటెక్‌లో రాస్తున్నాను. నా ల్యాప్‌టాప్ ఆరేళ్ళ కిందటిది. నిన్నమొన్నటిదాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈమధ్య మాత్రం కీ నొక్కాక అక్షరం స్క్రీన్ మీద కనపడటానికి కూడా టైము పడుతోంది. అర నిమిషంలో తయారయ్యే పీడీఎఫ్‌కి ఐదారు నిమిషాలు కూర్చోవాల్సి వస్తోంది. ప్రాసెసర్ గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్ అని ఉంది, కానీ ఎంత పని ఇచ్చినా 400 మెగాహెర్ట్జ్ దాటడం లేదు. వేడెక్కిందేమో అనుకుంటే 41 డిగ్రీలే చూపిస్తోంది. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌కి మార్చాను, ఫలితం లేదు. బూట్ లైన్‌లో (అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే ఆదేశాల్లో) ఇంటెల్ పీ-స్టేట్ అనే వేగం చూసుకునే డ్రైవర్‌ని డిసేబుల్ చేయమని ఎవరో చెబితే అదీ చేశాను. చివరికి డిస్క్ మొత్తం తుడిచి వేరే డిస్ట్రో (ఇంకో రకం లైనక్స్) ఎక్కించాను. ఇన్‌స్టాల్ కావడానికే ఒక పూట పట్టింది. ఆ తరవాత కూడా అదే 400. బ్యాటరీ కూడా 60 శాతం దగ్గరే ఉండిపోతోంది. పాత చార్జర్ వైరు తెగిపోయి వేరేది వాడుతున్నాను కదా, అందుకేనేమో. దాని సంగతి తరవాత చూసుకుంటాను. వచ్చే నెలలో థీసిస్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్ మార్చాల్సిందేనా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మార్చక్కర్లేదనే అనుకుంటున్నానమ్మా. మీరు తరవాత చూసుకుంటానన్న చార్జర్ మీదే నా అనుమానమంతా. అయితే నా అనుమానాన్ని నమ్మి మీరు డబ్బు ఖర్చు పెట్టకూడదు. అందుకని దాన్ని మీరే రుజువు చేసుకునే పద్ధతి చెబుతాను. అంతకంటే ముందు థీసిస్ ఫోల్డర్‌ని బయటి డిస్క్‌లోకి ఒకటి, ఇంకో కంప్యూటర్‌లోకి ఒకటి కాపీ చేయండి. ఇక్కడితో చదవడం ఆపి, ఆ పని చేసి రండి. డిస్క్ ఒకసారి తుడిచారని చదివినప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది.

ప్రాసెసర్ తనంతట తాను నెమ్మదించదు. ఎవరో ఒకరు నెమ్మదిగా నడవమని చెబితేనే నడుస్తుంది. ఆ చెప్పేవాళ్ళు ల్యాప్‌టాప్‌లో చాలామందే ఉన్నారు. కెర్నల్‌లో ఉండే గవర్నర్, కరెంటు పొదుపు చూసే టీఎల్‌పీ లాంటి ప్రోగ్రాములు, బయోస్, మదర్‌బోర్డు మీద బ్యాటరీనీ ఫ్యాన్‌నీ కనిపెట్టుకుని ఉండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్, చివరికి ప్రాసెసర్ లోపలి వేడి సెన్సరు. వీళ్ళలో ఎవరు పట్టుకున్నారో తేలకుండా సెట్టింగులు మారుస్తూ పోతే మీకు జరిగినట్టే జరుగుతుంది. రోజులు పోతాయి, అంకె మాత్రం మారదు.

తేల్చుకోవడానికి మూడు అంకెలు చాలు. టెర్మినల్‌లో సిస్, డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0, సీపీయూఫ్రీక్ అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళ్ళండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్న పేర్లన్నీ మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఫైలు పేరులో పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది.) అక్కడ సీపీయూఇన్ఫో మ్యాక్స్ ఫ్రీక్ అనే ఫైలు ఈ ప్రాసెసర్ ఎంత వేగం దాకా వెళ్ళగలదో చెబుతుంది. స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ అనేది ఇప్పుడు ఎంతవరకు వెళ్ళనిస్తున్నారో చెబుతుంది. స్కేలింగ్ కర్ ఫ్రీక్ ఈ క్షణంలో ఎంత వేగంతో నడుస్తోందో చెబుతుంది. అంకెలు కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి, అంటే 400000 కనిపిస్తే అది 400 మెగాహెర్ట్జ్.

మూడో అంకె చూసేటప్పుడు ప్రాసెసర్‌కి చేతినిండా పని ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు 400 చూపించడం మామూలే. స్ట్రెస్-ఎన్‌జీ అనే టూల్‌తో అన్ని కోర్లకూ ఒక నిమిషం పని పెట్టి, ఇంకో టెర్మినల్ విండోలో చూడండి. టర్బోస్టాట్ ఉంటే ఇంకా మంచిది. అది నిజంగా నడిచిన వేగాన్ని ప్రాసెసర్ లోపలి కౌంటర్ల నుంచి లెక్కగట్టి, పక్కనే ఎన్ని వాట్లు తాగుతోందో, ఎంత వేడిగా ఉందో కూడా చూపిస్తుంది.

ఇప్పుడు అంకెలు చదువుదాం. రెండో అంకే తక్కువగా ఉంటే పట్టుకున్నది సాఫ్ట్‌వేరో బయోసో. రెండోది 4500000 ఉండి, నిండా పనిలో ఉన్నా మూడోది 400000 దగ్గరే ఆగిపోతే ఇంకొక్కటి చూడాలి. పైన సీపీయూ ఫోల్డర్లోనే ఇంటెల్ పీ-స్టేట్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మీరు బూట్ లైన్‌లో పెట్టిన డిసేబుల్ తీసేస్తేనే అది పూర్తిగా కనిపిస్తుంది కాబట్టి ముందు ఆ మాట తీసేసి రీబూట్ చేయండి. అందులో మ్యాక్స్ పెర్ఫ్ పీసీటీ 100 ఉండాలి, నో టర్బో 0 ఉండాలి (టర్బో అంటే మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం). అవీ సరిగ్గా ఉన్నాయంటే లైనక్స్ వైపు నుంచి అడ్డేమీ లేదని అర్థం. ఆపుతున్నది హార్డ్‌వేరు.

మీ విషయంలో అంకెలు చూడకముందే నేను ఇటు మొగ్గడానికి కారణం మీ ఇన్‌స్టలేషన్. కొత్త డిస్ట్రోని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు మీ పాత సెట్టింగు ఒక్కటీ అందులోకి రాదు. అయినా అదీ ఒక పూట పట్టింది. తప్పు డిస్క్ మీద లేదని అప్పుడే తేలిపోయింది. పర్ఫార్మెన్స్ గవర్నర్ పనిచేయకపోవడమూ ఇందుకే. గవర్నర్ వేగం కావాలని అడగగలదు, ఇవ్వాలా వద్దా అన్నది చివరికి హార్డ్‌వేరు చేతిలో ఉంటుంది. ముందరి కాళ్ళకు బంధం వేసిన గిత్తను ములుగర్రతో ఎంత అదిలించినా ప్రయోజనం ఏముంది? పీ-స్టేట్‌ని డిసేబుల్ చేయమన్న సలహా గురించి కూడా చెప్పాలి. దానివల్ల డ్రైవర్ మారి పాత ఏసీపీఐ డ్రైవర్ వస్తుంది, అంతే. ఇలాంటి బంధం మీద ఆ డ్రైవర్‌కీ అధికారం లేదు. ఆ సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఎందుకు పెట్టమంటున్నారో వివరం లేకుండా బూట్ లైన్‌లో ఏదీ పెట్టకండి.

ఇక ఆ బంధం ఏమిటో చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఇంటెల్ ప్రాసెసర్లకు ప్రాక్‌హాట్ అనే సిగ్నల్ తీగ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే నేను వేడెక్కాను అని దాని ద్వారా బయటికి చెబుతుంది. ఇదే తీగ రెండో దిక్కులోనూ పనిచేస్తుంది. మదర్‌బోర్డు మీద ఇంకెవరికైనా ఇబ్బంది వస్తే, వాళ్ళు ఆ తీగను లాగితే, ప్రాసెసర్ చల్లగా ఉన్నా సరే వెంటనే అట్టడుగు వేగానికి దిగిపోతుంది. దీన్నే బీడీ ప్రాక్‌హాట్ అంటారు. ఆ అట్టడుగు చాలా ప్రాసెసర్లలో 400 మెగాహెర్ట్జ్ ఉంటుంది, 100 మెగాహెర్ట్జ్ మూల గడియారానికి నాలుగు రెట్లు. కొన్నిటిలో ఎనిమిది రెట్లు, అంటే 800. పని ఎంత ఉన్నా అంకె కొంచెం కూడా కదలకుండా 400 దగ్గరో 800 దగ్గరో మేకు కొట్టినట్టు ఉందంటే, అది కూడా 41 డిగ్రీల దగ్గర ఉందంటే, నేను మొదట అనుమానించేది ఈ తీగనే. నిజంగా వేడి వల్ల తగ్గే వేగం ఇలా ఉండదు, పైకీ కిందికీ ఊగుతుంది.

ఈ తీగను లాగుతున్నారా లేదా అన్నది ఊహించనక్కర్లేదు, చదవొచ్చు. ఎంఎస్ఆర్-టూల్స్ ప్యాకేజీ పెట్టుకుని, మోడ్‌ప్రోబ్‌తో ఎంఎస్ఆర్ మాడ్యూల్ ఎక్కించి, రూట్‌గా ఆర్‌డీఎంఎస్ఆర్ కమాండ్‌తో, ప్రాసెసర్ లోపల తన స్థితిని రాసి ఉంచుకునే 19సీ రిజిస్టర్ చదవండి (హెక్సాడెసిమల్ కాబట్టి ముందు సున్నా ఎక్స్ పెట్టాలి). అందులో సున్నా నుంచి లెక్కపెడితే 2వ బిట్ చూడండి. ఆర్‌డీఎంఎస్ఆర్‌కి మైనస్ ఎఫ్ ఆప్షన్ ఇచ్చి 2:2 అంటే ఆ ఒక్క బిట్టే వస్తుంది. ప్రాసెసర్ కాక బయటివాళ్ళెవరో ఆ తీగ లాగుతుంటే అక్కడ 1 కనిపిస్తుంది. చదవడం వల్ల ప్రమాదం ఏమీ లేదు, భయపడకండి.

1 వచ్చిందనుకుందాం. లాగుతున్నదెవరు? చాలావరకు ఎంబెడెడ్ కంట్రోలరే. దానికి కరెంటు మీద నమ్మకం లేకపోతే ఈ పని చేస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో చార్జర్ పిన్ను గుండ్రంగా ఉండి, మధ్యలో సూదిలాంటి సన్నని పిన్ను ఇంకోటి ఉంటుంది. కరెంటు వచ్చేది దానిలోంచి కాదు. ఈ చార్జర్ ఇన్ని వాట్లది అన్న సమాచారం ఆ సన్న పిన్నులోంచి వస్తుంది. ఆ పిన్ను వంగినా, వైరు లోపల ఆ ఒక్క తీగే తెగినా, చార్జర్‌లో ఆ సమాచారం ఇచ్చే చిప్ లేకపోయినా కరెంటు వస్తూనే ఉంటుంది, చార్జింగ్ దీపమూ వెలుగుతుంది. కంట్రోలర్‌కి మాత్రం ఇది ఎంత మోయగలదో తెలియదు. తెలియనప్పుడు అది రెండు పనులు చేస్తుంది. బ్యాటరీని చార్జ్ చేయదు, ప్రాసెసర్‌ని పరిగెత్తనివ్వదు. మీ ఉత్తరంలో ఈ రెండూ ఉన్నాయి. బూట్ అయ్యేటప్పుడు అడాప్టర్‌ని గుర్తించలేకపోయామని నల్ల స్క్రీన్ మీద ఒక మెసేజ్ కూడా వస్తుందేమో చూడండి. చాలామంది ఎంటర్ కొట్టి దాటేస్తారు.

రెండో అవకాశం, చార్జర్ మంచిదే కానీ చిన్నది కావడం. పాత చార్జర్ పారేయకపోతే రెండింటి మీదా చీటీ చదవండి. అవుట్‌పుట్ అని ఉన్నచోట వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 19.5 వోల్టులు, 6.67 ఆంపియర్లు ఉంటే 130 వాట్లు. అదే 19.5 వోల్టుల దగ్గర 3.34 ఆంపియర్లే ఉంటే 65. పిన్ను రెండిటికీ ఒకేలా పడుతుంది, అక్కడే చాలామంది మోసపోతారు. యూఎస్‌బీ-సీ చార్జర్ అయితే కేబుల్‌ని కూడా చూడాలి. లోపల ఈ-మార్కర్ చిప్ లేని కేబుల్ 3 ఆంపియర్లకు మించి ఇవ్వనివ్వదు. 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు అంటే 60 వాట్లే. చార్జర్ మీద 100 వాట్లని ఉన్నా ఆ కేబుల్‌తో మీకు అందేది అంతే.

రుజువు చేసుకోవడం చాలా సులువు. స్ట్రెస్-ఎన్‌జీ నడుస్తుండగానే చార్జర్ పీకేయండి. బ్యాటరీ మీద వేగం ఒక్కసారి రెండు మూడు గిగాహెర్ట్జ్‌కి ఎగిరిందంటే దొంగ దొరికినట్టే, మళ్ళీ పెట్టగానే 400కి పడిపోతుంది. తీసినా 400 దగ్గరే ఉంటే తొందరపడి చార్జర్‌ని నిర్దోషి అనకండి. ల్యాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. కంట్రోలర్ తన పాత జ్ఞాపకాన్ని వదిలేయడానికి ఇది. ఆ తరవాత చార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీదే బూట్ చేసి చూడండి. అప్పటికీ 400 అయితే అనుమానం బ్యాటరీ మీదికి మళ్ళుతుంది. ముసలిదైన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, కంట్రోలర్ దాన్ని కాపాడటానికి కూడా ఇదే తీగ లాగుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు అనిపిస్తే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు అట్ట సరిగ్గా మూసుకోకపోయినా, ఈ పరీక్షలన్నీ ఆపేసి ముందు దాన్ని తీయించండి. థీసిస్ కంటే అది ముఖ్యం.

బ్యాటరీ 60 దగ్గర ఆగిపోవడానికి ఇంకో అమాయకపు కారణం కూడా ఉండొచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఆయుష్షు కోసం 60 దగ్గరో 80 దగ్గరో చార్జింగ్ ఆపేసే ఏర్పాటు ఉంటుంది. సిస్, క్లాస్, పవర్ సప్లై, బ్యాట్0 ఫోల్డర్లో చార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్ అనే ఫైలు ఉంటే అందులో 60 ఉందేమో చూడండి, బయోస్‌లో కూడా ఒకసారి చూడండి. అలా ఉంటే బ్యాటరీ సంగతి ఈ వేగం సంగతితో కలపకూడదు.

చార్జరే అని తేలితే మందు తెలిసిందే. పాతది ఎన్ని వాట్లదో అన్ని వాట్లది, మీ మోడల్‌కి సరిపోయేది తెచ్చుకోండి. ఎక్కువ వాట్లది పెట్టినా నష్టం లేదు, వోల్టులు మాత్రం కలవాలి. కొనేముందు అదే రకం ల్యాప్‌టాప్ ఉన్న వాళ్ళ చార్జర్ ఒక్క పది నిమిషాలు అడిగి పెట్టి చూడండి. దానితో కూడా 400 అయితే లోపం చార్జర్‌లో కాక ల్యాప్‌టాప్ వైపు సాకెట్‌లో ఉంది. చాలా మోడళ్ళలో ఆ సాకెట్ చిన్న వైరుతో బోర్డుకి విడిగా తగిలించి ఉంటుంది, మార్చడం పెద్ద పని కాదు. బోర్డుకే టంకం వేసి ఉంటే మాత్రం చేయి తిరిగినవాళ్ళకే ఇవ్వండి.

ఇక మీరు తప్పకుండా చదివే, చదివి ప్రయత్నిద్దామనుకునే ఉపాయం ఒకటుంది. ప్రాసెసర్ ఆ తీగను పట్టించుకోకుండా చేయొచ్చు. 1ఎఫ్‌సీ రిజిస్టర్ చదివి, అందులో అన్నిటికంటే చివరి బిట్‌ని, అంటే 0వ బిట్‌ని సున్నా చేసి డబ్ల్యూఆర్ఎంఎస్ఆర్‌తో తిరిగి రాయాలి. మిగతా బిట్లు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, వేరేవాళ్ళ అంకెను యథాతథంగా తెచ్చి రాయకూడదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ రాయనివ్వకపోవచ్చు. రాసినా రీబూట్ చేయగానే పోతుంది.

దీన్ని దాచకుండా ఎందుకు చెబుతున్నానంటే, మీరు థీసిస్ గడువులో ఉన్నారు, చార్జర్ వచ్చేలోపు పని ఆగకూడదు. కానీ ఎప్పుడు వాడాలో స్పష్టంగా వినండి. చార్జర్ వాట్లు సరిపోయినంత ఉన్నాయి, పాడైంది ఆ సన్న పిన్ను మాత్రమే, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది అని తేలినప్పుడు కొద్ది రోజులు వాడొచ్చు. ప్రాసెసర్ తన సొంత వేడి నుంచి కాపాడుకునే ఏర్పాటు అప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 130 వాట్ల చోట 65 వాట్లది పెట్టుకుని మాత్రం ఈ పని చేయకండి. ఆ తీగ అక్కడ లాగుతున్నది చార్జర్ కాలిపోకుండా. మదర్‌బోర్డు మీద కరెంటు సర్దే భాగాలు వేడెక్కినా కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇదే తీగ లాగుతాయి. ఆ హెచ్చరికనూ మీరు చెవిన పెట్టనట్టే అవుతుంది. స్టార్టప్ స్క్రిప్టులో పెట్టి శాశ్వతంగా మరిచిపోయేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

ఈలోగా పీడీఎఫ్ త్వరగా రావడానికి, మొత్తం థీసిస్ కాకుండా రాస్తున్న అధ్యాయాన్ని మాత్రమే కంపైల్ చేసుకోండి. లేటెక్‌లో ఇన్‌క్లూడ్‌ఓన్లీ అందుకే ఉంది. గ్రాఫిక్స్‌ని డ్రాఫ్ట్ మోడ్‌లో పెట్టండి. 400 మెగాహెర్ట్జ్ మీద కూడా కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ చార్జర్ మీద బాగానే ఉంటుంది. చార్జర్ తీస్తే 1.3 గిగాహెర్ట్జ్ దాటదు. బ్యాటరీ కొత్తదే. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఇదివరకు టీఎల్‌పీ పెట్టుకున్నట్టు గుర్తు. నాది కూడా హార్డ్‌వేర్ లోపమేనా అండీ?
– ఒక పాఠకుడు

జవాబు: కాదండీ. 400 కాదు, 800 కాదు, 1.3 అని మీరు రాయగానే నాకు టీఎల్‌పీ గుర్తొచ్చింది. మీ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 4.3 దరిదాపుల్లో ఉంటే దానిలో 30 శాతం సరిగ్గా అంతే అవుతుంది. ఈటీసీ ఫోల్డర్లో టీఎల్‌పీ కాన్ఫ్ ఫైలు తెరిచి సీపీయూ మ్యాక్స్ పెర్ఫ్ ఆన్ బ్యాట్ అనే లైను వెతకండి. ముందు హ్యాష్ గుర్తు తీసేసి, ఎదురుగా 30 అని ఉంటుందని నా అంచనా. దాన్ని 100 చేయండి, లేదా ముందు హ్యాష్ పెట్టేసి (అప్పుడు ఆ లైను లెక్కలోకి రాదు) టీఎల్‌పీని మళ్ళీ స్టార్ట్ చేయండి. హ్యాష్ మాత్రమే పెట్టినట్టయితే ఒకసారి రీబూట్ కూడా చేయండి, పాత 30 అప్పటిదాకా అలాగే ఉండొచ్చు. కింద సీపీయూ బూస్ట్ ఆన్ బ్యాట్ అనే లైను కూడా చూడండి. అక్కడ 0 ఉంటే బ్యాటరీ మీద టర్బో రాదు. అది కావాలని పెట్టుకున్నారేమో మీకే తెలియాలి.

ఈ హద్దు స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్‌లో కనిపించకపోవచ్చు. అందుకే పై జవాబులో ఇంటెల్ పీ-స్టేట్ ఫోల్డర్‌ని కూడా చూడమన్నాను. అక్కడ మ్యాక్స్ పెర్ఫ్ పీసీటీలో 30 కనిపిస్తుంది.

డెస్క్‌టాప్‌తో పాటు పవర్ ప్రొఫైల్స్ డీమన్ కూడా వచ్చి ఉంటుంది. పై మూలన బ్యాటరీ గుర్తు నొక్కితే పవర్ సేవర్, బ్యాలెన్స్‌డ్ అని కనిపించేది అదే. అదీ టీఎల్‌పీ రెండూ ఒకే సెట్టింగుల మీద చేయి వేస్తాయి, రెండింటినీ కలిపి నడపకూడదు. ఏదో ఒకటి ఉంచుకోండి. నేనైతే బ్యాటరీ చార్జింగ్ హద్దులు వగైరా సూక్ష్మంగా సరిచూసుకోవాలనుకుంటే టీఎల్‌పీ, లేకపోతే డెస్క్‌టాప్‌తో వచ్చినదే చాలంటాను.

గవర్నర్ పవర్‌సేవ్ అని కనిపించి కంగారు పడేవాళ్ళ ఉత్తరాలు కూడా చాలా వస్తున్నాయి, కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ నడుస్తున్నప్పుడు పవర్‌సేవ్ మామూలు స్థితి. పని పడితే అది పూర్తి వేగానికి వెళుతుంది. ఏసీపీఐ సీపీయూఫ్రీక్ డ్రైవర్ కింద మాత్రం పవర్‌సేవ్ అంటే ఎప్పుడూ కనిష్ఠ వేగమే. ముందు డ్రైవర్ ఏదో చూడండి, అదే ఫోల్డర్లో స్కేలింగ్ డ్రైవర్ ఫైలులో ఉంటుంది. రెండోది ఉంటే గవర్నర్‌ని, పనిని బట్టి వేగం మార్చే షెడ్‌యూటిల్‌కి మార్చండి.

ప్రశ్న: స్లీప్ నుంచి లేచాక నా ల్యాప్‌టాప్ అప్పుడప్పుడు 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండిపోతుంది. రీబూట్ చేస్తే బాగవుతుంది. ఏ రోజు వస్తుందో, ఏ రోజు రాదో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఎప్పుడు వస్తుందో గమనించడమే మొదటి పని. ముఖ్యంగా నిద్రలో ఉండగా చార్జర్ తీయడమో పెట్టడమో జరిగిన రోజుల్లోనే వస్తోందా అని చూడండి. నిద్రలో జరిగిన ఆ మార్పును కంట్రోలర్ సరిగ్గా అందుకోకపోతే లేచాక కూడా పాత హద్దునే పట్టుకుని కూర్చుంటుంది. అలాంటప్పుడు రీబూట్ అక్కర్లేదు. చార్జర్ ఒకసారి తీసి, కాసేపాగి మళ్ళీ పెడితే చాలాసార్లు వదిలేస్తుంది.

శాశ్వత పరిష్కారం సాధారణంగా బయోస్ అప్‌డేట్‌లో ఉంటుంది. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్ మీ మోడల్‌ని గుర్తిస్తే లైనక్స్ నుంచే చేసుకోవచ్చు. అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ కూడా సగానికి పైగా ఉండాలి. మధ్యలో ఆగిపోతే ఈ 800 ఎంతో నయమనిపించే పరిస్థితి వస్తుంది. కెర్నల్ పాతదైతే అది కూడా కొత్తదానికి మార్చి చూడండి.

స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ కూడా 800000కి పడిపోయి ఉందా? ఏసీపీఐ డ్రైవర్ అయితే అదే ఫోల్డర్లో బయోస్ లిమిట్ అనే ఫైలు ఉంటుంది. అందులోనూ 800000 ఉంటే హద్దు పెట్టింది బయోసే అని రాతపూర్వకంగా దొరికినట్టు. అప్పుడు బూట్ లైన్‌లో ప్రాసెసర్ డాట్ ఇగ్నోర్ పీపీసీ ఈక్వల్స్ 1 అని పెడితే కెర్నల్ ఆ మాట వినడం మానేస్తుంది. పై విద్యార్థినికి చెప్పిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది. బ్యాటరీ, చార్జర్ రెండూ బాగున్నాయని తేలాకే.

ప్రశ్న: నాది దీనికి తలకిందులు. వీడియో ఎడిట్ చేసేటప్పుడు మొదట 4 గిగాహెర్ట్జ్ వస్తుంది, ఒక నిమిషంలోనే 98 డిగ్రీలకు చేరి 1.8కి జారిపోతుంది. లైనక్స్‌లో ఫ్యాన్ కంట్రోల్ సరిగ్గా లేదంటున్నారు, నిజమేనా?
– ఒక వీడియో ఎడిటర్

జవాబు: లైనక్స్‌ని అనుమానించే ముందు ల్యాప్‌టాప్ అడుగు తెరవండి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము తుడిచి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. అసలు దుమ్ము ఫ్యాన్‌కీ, దాని ఎదురుగా ఉండే సన్నని లోహపు రేకులకీ మధ్య కంబళిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ విప్పితే తప్ప కనిపించదు. నాలుగైదేళ్ళు దాటిన ల్యాప్‌టాప్ అయితే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు కూడా ఎండిపోయి ఉంటుంది, అదీ మార్పించండి.

వేడి వల్లే తగ్గుతోందని నిర్ధారించుకోవాలంటే సీపీయూ0 ఫోల్డర్లో థర్మల్ థ్రాటిల్ అనే ఫోల్డర్ ఉంది. అందులో ప్యాకేజ్ థ్రాటిల్ కౌంట్ అంకెను ఎడిటింగ్‌కి ముందు, తరవాత రాసుకోండి. దుమ్ము తీశాక మళ్ళీ అదే వీడియోతో చూడండి. అంకె పెరగడం ఆగిపోతే పని పూర్తయినట్టే. అప్పటికీ పెరుగుతుంటే థర్మల్‌డీ పెట్టుకోండి. అది ప్రాసెసర్ హద్దు దాటకముందే కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నడుపుతుంది, వేగం 4 నుంచి 1.8కి ఒక్కసారి పడిపోకుండా మధ్యలో ఎక్కడో నిలకడగా ఉంటుంది. మీ లాంటి పొడుగాటి పనికి ఆ నిలకడే కావాలి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌తో చూస్తే కొన్ని కోర్లకు 4.7, కొన్నిటికి 3.5 గరిష్ఠ వేగం చూపిస్తోంది. అందులో సగం కోర్లు ఎప్పుడు చూసినా 400 దగ్గరే ఉంటాయి. లోపమున్న పీస్ ఇచ్చారా?
– ఒక కొత్త లైనక్స్ వినియోగదారుడు

జవాబు: లోపం లేదండీ, నిశ్చింతగా వాడుకోండి. మీ ప్రాసెసర్‌లో రెండు రకాల కోర్లున్నాయి. బరువు పనులకు వేగంగా నడిచేవి కొన్ని, తేలిక పనులకు తక్కువ కరెంటుతో నడిచేవి కొన్ని. రెండో రకానికి గరిష్ఠ వేగం తక్కువే ఉంటుంది. ఖాళీగా ఉన్న కోర్ 400 చూపించడం సహజం, అది నిద్రపోతోంది. అనుమానం తీరకపోతే స్ట్రెస్-ఎన్‌జీతో అన్ని కోర్లకూ పని పెట్టి టర్బోస్టాట్‌లో చూడండి. అప్పుడు కూడా 400 మీదే ఉన్న కోర్ ఏదైనా ఉంటే ఆ అవుట్‌పుట్ మొత్తం నాకు పంపండి.